పదునారుగురి పత్రిక

పిల్లవాని చేతికి మంచి పుస్తకము నిచ్చుట యొక పని. ఆ పుస్తకముపై వానికి కలిగిన ప్రీతిని చెదరనీయక నిలుపుట వేరొక పని. మొదటి పనిని తలిదండ్రులును ఉపాధ్యాయులును చేయగలరు. రెండవది సాధ్యము కావలెనన్న, పిల్లవానికి తోడుగా మరికొందరు చదువరు లుండవలెను. తాను చదివిన కథను గూర్చి మాటలాడుటకు ఎవరును దొరకని బాలుడు కొంతకాలమునకు ఆ కథను మరచును. కొంతకాలమునకు ఆ చదువునే మానును.

వీథిలో నొక భాషయు, బడిలో నొక భాషయు, ఇంట నొక భాషయు వినుచు పెరుగు మన పిల్లల విషయమున ఈ మాట మరింత నిజము. తెలుగు కథ చదివిన బాలిక ఆ కథను చెప్పుకొనుటకు ప్రక్క యింట నెవరును లేరు. ఇట్టి స్థితిలో చదువరులను కలుపు సాధన మేది? ఈ ప్రశ్నకు అమెరికా దేశమున జరిగిన యొక వృత్తాంతము చక్కని సమాధాన మిచ్చుచున్నది. అక్కడ ఒక బాలసాహిత్యకర్తను అభిమానించిన కొలదిమంది చదువరులు, ఊరూర చెదరియుండియు, ఒక చిన్న పత్రిక మూలమున ఒక కుటుంబమైరి. వారి కథను ముందు తెలిసికొని, పిమ్మట మన సంగతి విచారింతము.

గ్రంథకర్తయు, గ్రంథములును

లైమన్ ఫ్రాంక్ బామ్ 1856వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రములోని చిట్టెనాంగో యను చిన్న యూరిలో జన్మించెను. నటుడుగను, దుకాణదారుడుగను, పత్రికా సంపాదకుడుగను పనిచేసి, అనేక నష్టముల కోర్చి, నడివయస్సున పిల్లల రచయిత యయ్యెను. 1900లో షికాగో నగరమున ఆయన వ్రాసిన 'ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్' వెలువడెను. దానికి డబ్ల్యు. డబ్ల్యు. డెన్‌స్లో చిత్రములు గీసెను.

కథ మన పెద్దలు కొందరికి చలనచిత్రము మూలమున పరిచితమే. కాన్సాస్ మైదానములలోని డోరతీ యను బాలికను సుడిగాలి యింటితో సహా ఎత్తికొనిపోయి ఓజ్ అను వింతదేశమున దించును. తిరిగి యింటికి చేరుటకై యామె బయలుదేరగా దారిలో ముగ్గురు తోడగుదురు. దిష్టిబొమ్మకు బుద్ధి కావలెను. రేకుమనిషికి హృదయము కావలెను. పిరికి సింహమునకు ధైర్యము కావలెను. తాము వెదకుచున్న గుణములు తమయందే యున్నవని వారు చేయు పనులే చూపుచుండును. వారికి మాత్రము తెలియదు. చదువు పిల్లవానికి వారికంటె ముందే తెలియును. ఆ కథయందలి రహస్యమైన ఆనందము ఇదియే.

పిల్లలు ఒక్క పుస్తకముతో తృప్తి పడలేదు. మరియొకటి వ్రాయుమని బామ్‌నకు ఉత్తరములు వ్రాసిరి. 1904లో రెండవ పుస్తకము వచ్చెను. దానినుండి జాన్ ఆర్. నీల్ చిత్రకారు డయ్యెను. 1910లో వెలువడిన ఆరవ పుస్తకముతో ఈ కథలను ముగింపవలెనని బామ్ తలచెను. ఓజ్ దేశమునకును మన లోకమునకును నడుమ సంబంధము తెగిపోయినదని కూడ వ్రాసెను. కాని పిల్లల కోరికయు, 1911లో దివాలా తీసిన తన యార్థికస్థితియు ఆయనను మరల ఓజ్‌నకే మరల్చెను. 1913 నుండి తిరిగి వ్రాయసాగెను. 1919లో ఆయన మరణించెను. పదునాలుగవ పుస్తకము ఆ మరుసటి యేట వెలువడెను. పిమ్మట రూత్ ప్లమ్లీ థామ్సన్ అను రచయిత్రి 1921 మొదలు 1939 వరకు ఏటికొకటి చొప్పున 19 పుస్తకములు వ్రాసెను. మరికొందరు చేయి కలుపగా, 1963 నాటికి ఆ వరుసలో 40 పుస్తకములు చేరినవి.

పదమూడేండ్ల సంపాదకుడు

ఇంతమంది పిల్లలు చదివిన పుస్తకములకు పెద్దల యాదరణ మాత్రము అంతంత మాత్రమే. ఇవి సాహిత్యము కావనియు, పిల్లలకు మేలు చేయవనియు తలచిన గ్రంథాలయాధికారులు అమెరికాలో పలువు రుండిరి. 1957లో డెట్రాయిట్ నగర గ్రంథాలయాధిపతి, తమ పిల్లల గదులలో ఓజ్ పుస్తకములు లేకపోవుటను బహిరంగముగ సమర్థించెను. దానిపై పత్రికలలో వాదము చెలరేగెను. అదే సంవత్సరమున అదే మిషిగన్ రాష్ట్రమునందలి విశ్వవిద్యాలయ ముద్రణాలయ మొకటి, మార్టిన్ గార్డ్‌నర్, రసెల్ నై అను విద్వాంసుల సంపాదకత్వమున, బామ్ జీవితమును గూర్చిన వ్యాసములతో ఆ మొదటి కథను ప్రకటించెను. ఒకచోట తలుపు మూయబడగా వేరొకచోట తెరువబడెను.

ఆ 1957వ సంవత్సరముననే మూడవ సంగతి జరిగెను. అది ఏ గ్రంథాలయాధిపతియు, ఏ పండితుడును చేసినది కాదు. న్యూయార్కునందలి జస్టిన్ షిల్లర్ అను పదమూడేండ్ల బాలుడు 'అంతర్జాతీయ విజర్డ్ ఆఫ్ ఓజ్ క్లబ్బు' అను సంఘమును స్థాపించెను. అంతకు ముందటి యేట, బామ్ శతజయంతి సందర్భమున కొలంబియా విశ్వవిద్యాలయము జరిపిన ప్రదర్శనమునకు తన పుస్తకములను ఎరువిచ్చిన బాలుడు ఇతడే. సంఘమునకు చేరిన తొలి సభ్యులు పదునారుగురు మాత్రమే. సంఘము పేరేమో అంతర్జాతీయము. సభ్యులు చూడబోయిన ఒక తరగతి గదిలో సగమునకైన చాలరు! అయినను ఆ బాలుడు వెనుదీయలేదు. 'ది బామ్ బ్యూగిల్' అను పత్రికను ఆరంభించెను. బ్యూగిల్ అనగా బాకా. సైక్లోస్టైలు చేసిన కొలది పుటలే ఆ పత్రిక తొలి రూపము.

పదునారుగురిని నమ్ముకొని పత్రిక యేల నడుపవలెనని పెద్దవా డెవడైనను సందేహించియుండును. బాలు డట్లు లెక్కింపలేదు. తన వంటి చదువరి మరియొక డున్నాడని తెలిసినదే అతనికి చాలును. ఆ పత్రిక నేటికిని వెలువడుచున్నది. ఏటికి మూడు సంచికలు సభ్యుల యిండ్లకు చేరుచున్నవి. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై, ప్రాచీన బాలసాహిత్య గ్రంథముల విక్రయమునందు పేరుమోసిన నిపుణు డయ్యెను. చిన్ననాటి యిష్టము జీవితవృత్తి యైన దనుటకు ఇంతకంటె వేరు నిదర్శన మేల?

పత్రిక చేసిన పనులు

అభిమానుల పత్రిక యనగానే పొగడ్తల మూట యని కొంద రనుకొందురు. పొగడ్త రెండు సంచికలలో తీరిపోవును. పత్రిక నిలుచుటకు ప్రశ్నలు కావలెను. ఓజ్ చదువరులకు ప్రశ్నలు కొదువలేదు.

మొదటి కథలో డోరతీ తొడిగినవి వెండి పాదరక్షలు. 1939 నాటి చలనచిత్రములో అవి కెంపుల పాదరక్షలైనవి. చిత్రమును మాత్రమే చూచినవానికి ఈ భేదము తెలియదు. పుస్తకము చదివినవాడు దానిని పట్టుకొనును. మొదటి కథలో మంచ్‌కిన్‌ల దేశము ఓజ్‌నకు తూర్పున నున్నది. 1914లో వెలువడిన 'టిక్-టాక్ ఆఫ్ ఓజ్' అను పుస్తకమున అచ్చయిన దేశపటములో మాత్రము అది ఎడమప్రక్కన నున్నది. మనకు అలవాటైన పటములలో ఎడమవైపు పడమర గదా! ఈ చిక్కు ఎట్లు వచ్చెనని చదువరులు ఎంతయో చర్చించిరి. 1960 దశకమున జేమ్స్ హాఫ్, డిక్ మార్టిన్ అను సభ్యులు పుస్తకము లన్నిటిని పరిశీలించి, ఏ యూరు ఎక్కడ నున్నదో తేల్చి, క్రొత్త పటములను సిద్ధపరచిరి. లేని దేశమునకు పట మేల యని నవ్వవచ్చును. కాని ఒక వాక్యమును మరియొక వాక్యముతో పోల్చి చూచుట, సాక్ష్యము వెదకుట, తేడా వచ్చినచోట కారణము నడుగుట అనునవి ఎంత గొప్ప చదువో ఉపాధ్యాయుల కెరుకయే.

రచయిత ఎవరను ప్రశ్నయు అట్టిదే. బామ్ తన పేరుతోనే గాక మారుపేర్లతో కూడ అనేక పుస్తకములు వ్రాసెను. 'ఈడిత్ వాన్ డైన్' అను స్త్రీ పేరుతో బాలికల కొరకు ఒక గ్రంథమాలనే వెలువరించెను. దీనికి విపర్యయముగ, 1921లో వచ్చిన 'ది రాయల్ బుక్ ఆఫ్ ఓజ్' బామ్ పేరుతో వెలువడినను అది యథార్థముగ థామ్సన్ రచన. అట్టపై నున్న పేరు నమ్మదగినదా, కాదా యని విచారించు నలవాటు పత్రిక చదువరులకు అబ్బెను. సభ్యుల యేండ్ల తరబడి కృషి ఫలితముగ 1976లో 'బిబ్లియోగ్రాఫియా ఓజియానా' అను సమగ్ర గ్రంథసూచిక వెలువడెను. విశ్వవిద్యాలయములు ఉపేక్షించిన పనిని అభిమానులు చేసిరి.

చదువరుల కలయికయు పత్రిక వలననే జరిగెను. 1961లో ఇండియానా రాష్ట్రమునందలి బాస్ లేక్ అనుచోట, బామ్ కుమారుడైన హారీ నీల్ బామ్‌నకు చెందిన విడిదిలో సభ్యులు తొలిసారి సమావేశమైరి. ఉత్తరములలో మాత్రమే ఎరిగిన పేర్లకు ముఖము లేర్పడినవి. సంఘము అంతటితో నాగక, థామ్సన్ తన ముదిమిలో వ్రాసిన ఓజ్ కథను 1972లో తానే ప్రచురించెను. చదువరులే ప్రచురణకర్తలై రచయిత్రికి తమ ఋణమును తీర్చుకొనిరి.

సేకరణమందలి యానందము

ఇక పుస్తకములను సేకరించువారి సంగతి. వారి దృష్టి సాధారణ పాఠకుని దృష్టికంటె నిశితము. 1900 నాటి మొదటి కూర్పు ప్రతులన్నియు నొక్కరీతిగ లేవు. వెనుక అట్ట లోపలివైపున ముద్రణ వివరములు 11 పంక్తులలో నున్న ప్రతి ముందుదనియు, 13 పంక్తులలో నున్నది తరువాతిదనియు వారు గుర్తింతురు. మొదటి ప్రచురణకర్తలు 1902లో దివాలా తీయగా, వేరు సంస్థవారు 1903లో ఆ పుస్తకమునకు 'ది న్యూ విజర్డ్ ఆఫ్ ఓజ్' అని పేరు మార్చి ప్రకటించిరి. ఒక్క పుస్తకము చేతులు మారిన చరిత్ర యంతయు ఇట్టి చిన్న గుర్తులలో దాగియున్నది.

ఇందు ఒక చమత్కారమును గమనింపవలెను. పిల్లల పుస్తకము పాతబడిన కొలది మంచి స్థితిలో దొరకుట అరుదు. కారణము, పిల్లలు దానిని చదివిరి. చింపిరి, రంగులు పూసిరి, ప్రక్కలో పెట్టుకొని నిద్రించిరి. చెక్కుచెదరని ప్రతి ఎవరును ముట్టనిది కావచ్చును. ధనము పెట్టి కొనువాడు చెక్కుచెదరని ప్రతిని కోరును. ప్రేమించువానికి పెన్సిలుతో పేరు వ్రాసియున్న నలిగిన ప్రతియు ప్రియమే. పత్రిక వీరిద్దరిని కలిపినది. వెల తెలిసినవానికి కథను జ్ఞాపకము చేసెను. కథ తెలిసినవానికి ప్రతిని కాపాడు విధమును నేర్పెను.

అభిమానమును, సత్యమును

అభిమానించువారు రచయిత దోషములను దాచవలెనా? దాచరాదు. బామ్ దక్షిణ డకోటాలోని అబర్డీన్ పట్టణమున పత్రిక నడుపుచుండిన కాలమున, 1890, 1891 సంవత్సరములలో, అచ్చటి ఆదివాసులను సమూలముగ నిర్మూలింపవలెనని సంపాదకీయములు వ్రాసెను. దయను, స్నేహమును బోధించు కథలు వ్రాసిన చేయియే ఆ క్రూరవాక్యములను గూడ వ్రాసెను. 2006లో ఆయన వంశీయులు కొందరు ఆ మాటలకై సూ జాతివారికి క్షమాపణ చెప్పిరి. ఈ సంగతి తెలిసిన పిమ్మటను పిల్లలు డోరతీ కథను చదువవచ్చును; చదువుచునే యున్నారు. కాని ఎదిగిన పిల్లలకు రెండును చెప్పవలెను. పుస్తకమును ప్రేమించుట వేరు, మనిషిని పూజించుట వేరు. సత్యమును భరింపగల ప్రేమయే గట్టిది.

మన యిండ్ల అటకలపై

ఇంతవరకు పరదేశపు కథ. ఇట్టి ధనము మనకును లేకపోలేదు. అది మన వంటి ప్రవాసాంధ్రుల నడుమనే పుట్టినదని తలిదండ్రులు గమనింపవలెను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, రేడియో అన్నయ్య, అక్కయ్యలని పిల్లలు పిలుచుకొన్నవారు, 1945లో మద్రాసు నగరమున 'బాల' పత్రికను ఆరంభించిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు అదే నగరమున 'చందమామ'ను స్థాపించిరి. మొదట తెలుగు, తమిళములలో వెలువడిన ఆ పత్రిక, పిమ్మట కన్నడము, మరాఠీ, ఒడియా మొదలగు భాషలలోనికి వ్యాపించెను. అనగా మన పిల్లవాడు తెలుగులో చదివిన కథనే ప్రక్కయింటి పిల్లవాడు తన భాషలో చదివెను. ఇరుగుపొరుగుల నడుమ ఇంతకంటె మంచి వంతెన యేది?

ఓజ్ చదువరులు విడదీసిన చిక్కుముడుల వంటివి చందమామలోను కలవు. 'తోకచుక్క', 'మకరదేవత' వంటి ధారావాహికలు రచయిత పేరు లేకయే అచ్చయినవి. వానిని వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారని అనేక పాఠకులకు ఎన్నో యేండ్ల తరువాత గాని తెలియలేదు. సంపాదకులు కొడవటిగంటి కుటుంబరావుగారి చేయి ఎన్ని కథలలో కలదో విచారించుట నేటికిని రుచికరమైన పని. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ గార్ల బొమ్మలను చూచి, సంతకము చూడకయే ఇది ఎవరిదో చెప్పగల పెద్దలు మన యిండ్లలో నున్నారు.

చందమామ ప్రచురణము 2013 నాటికి నిలిచిపోయెను. క్రొత్త సంచిక రాదు. ఉన్నవి మన యటకలపై, పెట్టె యడుగున, తాతగారు బైండు చేయించిన సంపుటములలో నున్నవి. పండుగకు ఇల్లు సర్దునపుడు తూకమునకు పోవు కాగితములలో అవియు పోవుచున్నవి. తెలుగు పుస్తకము అంగడిలో దొరకని యూళ్లలో నివసించు మనకు ఈ నష్టము తీరనిది. అమ్మిన కాగితమునకు వచ్చు రూపాయలతో ఆ సంచికను మరల కొనజాలము.

ఇంట చేయదగిన పనులు

కనుక తలిదండ్రులకు కొన్ని మనవులు. ఇవి ఖర్చుతో కూడినవి కావు.

మొదట, ఇంటనున్న పాత తెలుగు పిల్లల పత్రికలను పిల్లలచేతనే లెక్కింపజేయుడు. నెల, సంవత్సరము, అట్టబొమ్మ, కథల పేర్లు, చిత్రకారుని పేరు ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. తెలుగు నెమ్మదిగ చదువు పిల్లవాడు సైతము ఈ పనిని ఉత్సాహముతో చేయును. ఏలయన అది పరీక్ష కాదు, వేట.

రెండవది, ఆ ప్రతి ఇంటికి ఎట్లు వచ్చెనో నాయనమ్మ, అమ్మమ్మ, తాతగారల నడిగి వ్రాయింపుడు. ఏ యూరి రైల్వే స్టేషనులో కొనిరి? ఎవరు చదివి వినిపించిరి? పుస్తకముతోపాటు కుటుంబ చరిత్రయు పిల్లల చేతికి చిక్కును.

మూడవది, చిరుగులకు అంటుకాగితపు పట్టీలు వేయవలదు. కొంతకాలమునకు ఆ జిగురు కాగితమును పసుపుపచ్చగ మార్చి చెరచును. తడి తగులని చోట, ఎండ సోకని చోట, ఎండిన వేపాకుతో భద్రపరచి, అప్పుడప్పుడు గాలి తగులనిండు. దాచుట చదువకుండుటకు కాదు. చేతులు కడిగికొని చదువవలెనని నేర్పిన చాలును.

నాలుగవది మిగుల ముఖ్యము. మీ పిల్లలును, మరి నలుగురు తెలుగు పిల్లలును కలిసి ఒక లిఖిత పత్రికను నడుపునట్లు ప్రోత్సహింపుడు. చేతివ్రాతతో నాలుగు పుటలు చాలును. ఒకరు తాము చదివిన కథను గూర్చి వ్రాయవలెను. ఒకరు బొమ్మ వేయవలెను. ఒకరు ప్రశ్న అడుగవలెను. మరు సంచికలో వేరొకరు సమాధాన మీయవలెను. తప్పులను ఎర్రసిరాతో దిద్ది వారి యుత్సాహమును చల్లార్పవలదు. పిల్లలు వ్రాసినదానిని పెద్దలు నిజముగ చదివి, ఒక మాట చెప్పిన చాలును. మంచి రచనలను మన పాఠశాల వార్షిక సంచికకు పంపవచ్చును.

ముగింపు

పదునారుగురు సభ్యులతో మొదలైన పత్రిక అరువదేండ్లు దాటి నడచుటకు కారణము ధనము కాదు, ప్రభుత్వ సహాయము కాదు. ఒక బాలుడు తన యిష్టమును సిగ్గుపడక నలుగురితో చెప్పెను. అట్టి యిష్టము గల మరికొందరు దానికి బదులు పలికిరి. అంతియే. మన పాఠశాలలో ఒక్కొక్క తరగతిలో నున్న తెలుగు పిల్లల సంఖ్య తక్కువని మనము తరచుగ చింతింతుము. ఆ చింతలో న్యాయము కలదు. కాని పదునారుగురు తక్కువ కాదని ఈ వృత్తాంతము చెప్పుచున్నది. దిష్టిబొమ్మ బుద్ధిని వెదకుచు ఊరూర తిరిగినట్లు, మన భాషకు బలమును ఎక్కడెక్కడనో వెదకుచున్నాము. అది మన యింటి యటకపై పాత సంచికలోను, దానిని విప్పి చదువు పిల్లవాని కంఠములోను ఉన్నది. ఈ సెలవులలో ఆ పెట్టెను ఒకమారు దింపుడు.